చూపు దించిన మర్యాద

అమ్మకి నా చూపే తప్పు. "ఏటలా గుడ్లప్పగించి సూత్తన్నావ్? పెద్దోల్ల ముందు తల దించుకోవే కేథరిన్," అనేది. ఆ మాట అమ్మ పెదాల మీద వెయ్యిసార్లు చదివుంటాను. చెవులు వినపడనిదాన్ని, చూడకపోతే వినేదెలా? మాలో ఎదుటివాళ్లు సైగ చేస్తుంటే చూపు తిప్పుకోవడం మొహం మీద తలుపేసినట్టే. ఇంట్లో ఆ సంగతి తెలిసింది, సైగలు నేర్చింది మా చెల్లి స్టెఫీ ఒక్కర్తే.

మాకింకో మర్యాద ఉంది. మా ముందు నోటితో ఏం మాట్లాడినా, సైగలొచ్చినవాళ్లు దాన్ని చేతులతో కూడా చెప్పాలి. స్టెఫీ ఏనాడూ తప్పలేదు. అమ్మతో నా మీద చాడీలు చెప్పినా చేతులాడిస్తూనే చెప్పేది.

అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా కుడుతున్నాను. మా లైన్లో పన్నెండుమందిమీ వినపడనివాళ్లమే. మా లైన్‌కి సూపర్‌వైజర్ కావాలన్నారు. అది నాదేనని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. ద్వారకా నగర్‌లో ఉద్యోగాల కోచింగ్ ఒకరోజు మానిపించి, ఇంటర్వ్యూకి స్టెఫీని తోడు తీసుకెళ్లాను.

మేనేజర్ మొదటి ప్రశ్న స్టెఫీ చక్కగా సైగల్లో చెప్పింది. రెండోదానికి దాని చేతులు ఒళ్లోకి దిగిపోయాయి. నోరు మాత్రం ఆగలేదు; మొహం మేనేజర్ వైపు తిప్పేసుకోవడంతో పెదాలు చదవలేకపోయాను. ఇద్దరూ నవ్వుకున్నారు. టీ తెచ్చిన చిలకమ్మ నావైపు జాలిగా చూసింది. బల్ల తట్టి, ఏమంటున్నారని అడిగాను.

"తర్వాత చెప్తాను," అని సైగ చేసింది స్టెఫీ.

పుట్టినప్పటి నుంచి లోకమంతా నాకిచ్చిన జవాబే అది. స్టెఫీ చేతుల్లోంచి రావడం అదే మొదలు. బస్సులో అడిగితే, ఇంకా ఏమీ తేల్చలేదంది. నమ్మాను. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

సోమవారం మేనేజర్ కొత్త సూపర్‌వైజర్‌ని మా లైన్‌కి తీసుకొచ్చాడు. మెడలో కార్డుతో స్టెఫీ! చిలకమ్మ నా పక్కకొచ్చి, ఆరోజు విన్నది ఫోన్లో రాసి చూపించింది: "అక్క వల్ల కాదు సార్, ఆల్లందర్నీ నాను సూసుకుంతాను అంది మీ సెల్లి."

నా చెల్లెలే నమ్మించి గొంతు కోసింది.

స్టెఫీ నా మిషన్ దగ్గరకొచ్చి భుజం తట్టింది. దాని చేతులు లేచాయి. నేను తల దించుకున్నాను. మళ్లీ తట్టింది. సూది కిందున్న కాలర్ మీంచి చూపు కదల్చలేదు. మూడోసారి తట్టిన చెయ్యి నా భుజం మీదే ఆగిపోయింది.

"సొంత అక్కయినా ఎంత మర్యాదిత్తందో సూడండి" అని మేనేజర్ అందరి ముందూ మెచ్చుకున్నాడట. చిలకమ్మే తర్వాత రాసి చూపించింది.

స్టెఫీ ఏం చెప్పబోయిందో నాకిప్పటికీ తెలియదు.