కుర్చీ లేని ఇల్లు

ఆ పొద్దున ఇంట్లో గొడవ కత్తెర దగ్గర మొదలైంది.

"వంటింటి కత్తెరతో పేపరు ఎవరు కత్తిరించారు?" అంది కోడలు, కత్తెరని వెలుతురుకి ఎత్తి పట్టుకుని.

"ఎవరూ కత్తిరించలేదు," అన్నాడు భర్త పేపరు చాటు నుంచి.

"మరి మీ చేతిలో ఉన్న పేపరుకి ఆ మూల ఎటు పోయింది? ఎలుక కొరికితే అంత చదరంగా కొరకదు."

కూతురు కిసుక్కున నవ్వింది. మామగారు గొంతు సవరించుకున్నారు. "నేనేనమ్మా. మోకాళ్ళ నొప్పులకేదో నూనె అని పేపర్లో వేశారు."

"మీరైతే ఫర్వాలేదు మామయ్యగారూ. అడిగితే వేరే కత్తెర ఇచ్చేదాన్ని కదా."

"చూశారా? నా మీదికైతే కత్తి దూసింది, ఆయనైతే ఫర్వాలేదట!" అన్నాడు భర్త.

"ఆయన నిజం చెప్పారు. మీరు ఎవరూ కత్తిరించలేదన్నారు. పక్కన కూర్చుని చూస్తూ కూడా."

"ఈ ఇంట్లో చీమ కూడా అమ్మని అడిగే కుట్టాలి తాతయ్యా," అంది కూతురు.

మామగారు మురిసిపోయారు. "ఆ కళ్ళు చూసే కదే ఆ పని మీ అమ్మకి అప్పజెప్పింది. అన్నట్టు, ఇవాళేగా వెళ్ళేది?"

ఇవాళే. ఏడాదికోసారి వచ్చే పని అది. అత్తగారు బతికినన్నాళ్ళూ బడిలో పాఠాలు చెప్పి, పోయేముందు తన సొమ్మంతా బ్యాంకులో వేయించారు. అసలు ఎవరూ ముట్టుకోకూడదు, ఏటా వచ్చే వడ్డీతో లేనింటి పిల్లలు ఇద్దర్ని చదివించాలి. అదే ఆవిడ మాట. దరఖాస్తులు బడి హెడ్మాస్టరు పంపుతాడు. నిజంగా లేనివాళ్ళో, లేనట్టు నటించేవాళ్ళో తేల్చడానికి కోడలు ఆ ఇళ్ళకి వెళ్ళి చూసి వస్తుంది. అది మాత్రం అత్తగారు పెట్టిన నియమం కాదు. మామగారు పెట్టింది. అబద్ధమాడిన వాళ్ళకి దమ్మిడీ ఇవ్వకూడదన్నది కూడా ఆయన మాటే.

కోడలికి ఆ పని ఇష్టమని ఎవరూ పైకి అనరు గానీ, ఇష్టమే. చదివిన డిగ్రీ అల్మారాలో అడుగున పడి ఉంది. ఈ చూపు మాత్రం రోజూ పదును పెట్టుకున్నది. బోర్లించిన గ్లాసులు చూసి ఇంట్లో ఎందరు సంపాదిస్తున్నారో చెప్పగలదు. చూసి వచ్చిన రాత్రి భోజనాల దగ్గర ఆమె చూసినవన్నీ చెబుతుంటే, ఇల్లంతా కథ విన్నట్టు వింటుంది. పోయినేడు ఒక పిల్లని అలాగే తీసేసింది. "చదువుకి డబ్బు లేదన్నారు, నిలువుటద్దం బీరువా తళతళలాడుతోంది," అని ఆమె అంటే, "భలే పట్టావమ్మా!" అన్నారు మామగారు. ఆ మెప్పు ఏడాదంతా ఆమెకి లోపల వెచ్చగా ఉంది.

ఈసారి దరఖాస్తు ఒకటే వచ్చింది. ఒకప్పుడు గుట్టగా వచ్చేవి.

"లేనితనం తగ్గినట్టుంది, మంచిదే," అన్నారు మామగారు. "అయినా ఒక్కటేగా అని కళ్ళు మూసుకుని ఇవ్వలేం. చూసిరా."

సైకిళ్ళు బాగుచేసే కొట్టు వెనక నుంచి ఇరుకు మెట్లు. పైన రెండు వాటాలు. సన్నగా తుంపర పడుతుంటే గొడుగు విప్పినట్టే మెట్ల పైన ఆరబెట్టి లోపలికి వెళ్ళింది. ఒకటే గది, మూలగా వంట. తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని చేస్తుంది. పిల్లకి ఫార్మసీ చదువులో సీటు వచ్చింది. వారంలోగా ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. పిల్ల తాతయ్య, అంటే తల్లికి నాన్న, ముసలాయన, గోడకి ఆనుకుని కటిక నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"కూర్చోండమ్మా," అంటూ తల్లి చాప పరిచింది.

గదిలో ఒక్క కుర్చీ కూడా లేదు. ఫ్యాను లేదు. కిటికీకి తెర లేదు. మంచం లేదు. కోడలు ఒక్కొక్కటీ కంటితో తడుముకుంటూ వచ్చింది. బియ్యం డబ్బా మూత వారగా ఉంటే, సర్దే నెపంతో లోపలికి కూడా చూసింది. తల్లి ఆ చేతినే చూస్తూ నిలబడింది.

"టీవీ లేదా?"

"లేదండీ," అంది పిల్ల. మోచేత్తో నుదుటి చెమట తుడుచుకుంది.

నేల మీద నాలుగు చోట్ల గచ్చు అరిగి నున్నగా మెరుస్తోంది. గోడకి మేకులు ఊరికే ఉన్నాయి. అవి కూడా ఆమె కళ్ళ పడ్డాయి. కానీ ఉన్నవాటిని పట్టుకోవడానికి వచ్చిన కళ్ళకి, లేనివాటి జాడతో పనేముంది? పాపం, ఎంత లేనితనం అనుకుంది. దాని వెనకే, రాత్రికి చెప్పడానికి చాలా ఉంది అని కూడా అనుకుంది. వెళుతుంటే ముసలాయన గోడ పట్టుకుని కదలబోయాడు.

"లేవకండి, ఫర్వాలేదు," అంది దయగా.

ఆయన నవ్వాడు. "లేద్దామన్నా లేవలేనులేమ్మా."

వీధి చివరకి వచ్చేసరికి మళ్ళీ చినుకులు. గొడుగు మెట్ల మీదే ఉండిపోయిందని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

సగం మెట్లెక్కేసరికి పైనుంచి నవ్వులు వినిపించాయి.

"మంచినీళ్ళు తాగుతూ గ్లాసు అడుగు కూడా చూసిందే! వెండో, స్టీలో అని!" పక్కవాటా ఆవిడ గొంతు. "ఆ బియ్యం డబ్బా దగ్గర నేను తలుపు సందులోంచి చూశాను. నా నవ్వు ఆగితే ఒట్టు. ఇలా, ఇలా వేలితో..."

"అక్కా, ముందు ఫ్యాను అందుకో, చేతులు పడిపోతున్నాయి," అంటోంది తల్లి.

"మెల్లిగా, మెల్లిగా, తాతయ్య నడుము!" అంటోంది పిల్ల.

కోడలు పైకి వచ్చేసింది. రెండు వాటాల తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. పక్కవాటా ఆవిడ భుజం మీద కిటికీ తెర, ఒక చంకలో గోడ గడియారం. మడత మంచం గుమ్మంలో అడ్డంగా ఉంది. గదిలో చేతుల కుర్చీ ఒకటి ఆ అరిగిన గచ్చు మీద, సరిగ్గా ఆ నాలుగు మచ్చల మీద, వచ్చి కూర్చుంది. తల్లీ పిల్లా చెరో రెక్కా పట్టుకుని ముసలాయన్ని నేల మీంచి లేపి అందులో దించుతున్నారు. ఆయన పళ్ళు బిగించి మూలుగుతున్నాడు. మోకాళ్ళు మడత పడటం లేదు.

ముందు పిల్ల చూసింది. తర్వాత అందరూ చూశారు. నవ్వు టక్కున తెగిపోయింది.

"గొడుగు," అంది కోడలు. మొహం మీద చెళ్ళున కొట్టినట్టు చెవుల దాకా వేడెక్కింది.

"అమ్మగారూ..." అంది తల్లి. "తప్పే. తప్పు మాదే. పిల్ల సీటు పోతుందేమోనని..."

"అబద్ధం మాదే మేడమ్," అంది పిల్ల. తల వంచలేదు. "మార్కులు మాత్రం అబద్ధం కాదు."

"ఇందాక కూర్చోమనడానికి కుర్చీ లేకపోయింది," అన్నాడు ముసలాయన ఆయాసపడుతూ. "ఇప్పుడు ఇంకోటి కూడా వస్తోంది. కూర్చోండమ్మా."

వెటకారమో మర్యాదో తెలియలేదు. మర్యాదే అయితే అది ఇంకా భరించలేనిది. పక్కవాటా ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. కోడలు కూర్చుంది. ఎదురుగా ఆయన తొడలు నిమురుకుంటూ నొప్పి దిగమింగుతున్నాడు. తను ఈ గదిలో ఉన్నంతసేపూ ఆయన ఆ నేల మీద ఉన్నాడు. ఒక్క కుర్చీ కూడా లేదే అని తను లోలోపల సంతోషించింది. అవును, సంతోషించింది. ఆ మాటకి ఇంకో పేరు పెట్టుకుందామని చూసింది గానీ, దొరకలేదు.

"ఇలా చెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా అమ్మా?" అంది పక్కవాటా ఆవిడ. తెర ఇంకా భుజం మీదే ఉంది. "పోయినేడు బీరువా చూసి ఆ పిల్లని తీసేశారుగా. ఆ బీరువా ఇల్లు అద్దెకిచ్చినాయనది. ఆయన ఇంట్లో పట్టక వాళ్ళ గదిలో పడేసి, తాళం కూడా తనే ఉంచుకున్నాడు. మీరు అడగలేదు. వాళ్ళకి చెప్పుకునే సందు లేకపోయింది. ఆ పిల్ల ఇప్పుడు బట్టల కొట్లో సంచులు కడుతోంది. అప్పట్నించి మీ డబ్బు అడగాలంటేనే అందరికీ హడలు. అడగాలంటే ఇలా ఇల్లంతా పక్కింటికి మోయాలిగా, అంత ఓపిక ఎవరికుంది?"

అందుకా దరఖాస్తు ఒకటే వచ్చింది! లేనితనం తగ్గి కాదు.

కోడలు లేచింది. క్షమించమని అందామనుకుంది. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం, "ఆయన మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టండి" అన్న మాట. అదీ ఆజ్ఞలాగే వచ్చింది. తనకి తెలిసిన గొంతు అదొక్కటేనేమో. గొడుగు పిల్ల మడిచి చేతికి ఇచ్చింది.

దారంతా ఆమెకి ఇంతకుముందు వెళ్ళిన ఇళ్ళు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఆ ఖాళీ గోడలు. ఆ చాపలు. ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని కుర్చీలు పక్కింట్లో దాక్కున్నాయో. ఎన్ని నడుములు నేల మీద విరిగాయో. ఆమె వెళ్ళాక ఎన్ని గుమ్మాల్లో ఎవరెవరు తనలా నడిచి చూపించి నవ్వుకున్నారో. నవ్వుకుని ఉంటే మేలే. ఏడ్చినవాళ్ళూ ఉంటారు.

రాత్రి కంచాలు పెట్టగానే కూతురు కుర్చీ ముందుకి జరుపుకుంది. "చెప్పమ్మా, చెప్పు. డబ్బాలు చూశావా?"

కోడలి చేతిలో గరిటె ఆగింది. ఆ ఇంటి పిల్లకీ తన కూతురికీ వయసులో ఏడాది తేడా కూడా ఉండదు.

"చూశాను," అంది. ఆ పూట జరిగిందంతా చెప్పింది. ఎప్పుడూ చెప్పే గొంతుతో కాదు. తనని అనుకరించి నవ్వడం కూడా దాచలేదు. కూతురు నవ్వబోయి ఆగిపోయింది. భర్త అన్నం కెలుకుతూ తల దించుకున్నాడు.

మామగారు ముద్ద కంచంలోనే వదిలారు. "అంటే, సామానంతా పక్కింట్లో దాచి మన కళ్ళకి గంతలు కట్టారన్నమాట. అబద్ధమాడిన వాళ్ళకి ఇవ్వనని ముందే చెప్పాను."

"మామయ్యగారూ, మనింటికి చుట్టాలొస్తే చిరుగు దుప్పటి లోపల పడేసి కొత్తది పరుస్తాం. వాళ్ళు కొత్తది లోపల పెట్టి చిరుగుది పరిచారు. మనం మర్యాద కోసం. వాళ్ళు మన కోసం. ఇందులో అబద్ధం ఎవరిది?"

"మాటకేం, ఎటైనా తిప్పొచ్చు."

"తిప్పడం లేదు. వాళ్ళ చేత అబద్ధం ఆడించింది నేను. నేల మీద కూర్చోబెట్టిన ముసలాయనకి మీ వయసే ఉంటుంది. మీ మోకాళ్ళలాంటివే ఆయనవీ."

ఆయన బల్ల కింద కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

"మరేం చేద్దామంటావు? అందినకాడికి పంచేద్దామా?" అన్నారు చివరికి. గొంతులో మునుపటి బిగువు లేదు.

కోడలు గరిటె గిన్నెలో పెట్టేసింది. నిలబడే చెప్పింది, ఎందుకంటే కూర్చుంటే ధైర్యం చాలేట్టు లేదు.

"రేపు పొద్దున్నే ఆ పిల్ల ఫీజు కట్టి వస్తాను. ఇకమీదట ఈ ఇంట్లోంచి ఎవరూ ఎవరి ఇల్లూ చూడటానికి వెళ్ళరు. మార్కులు, బడిలో పంతుళ్ళ మాట, అంతే. అత్తయ్య అడిగింది కూడా అంతే, డబ్బాల మూతలు తియ్యమనలేదు. ఇంకో చోటు ఖాళీగా ఉంది కదా. అది పోయినేడు నేను తీసేసిన పిల్లది. బట్టల కొట్టుకి వెళ్ళి అడుగుతాను, మళ్ళీ చదువుకుంటావా అని."

"అక్కరలేదు పొమ్మంటే?" అన్నాడు భర్త మెల్లిగా.

"అనొచ్చు. అందరి ముందూ అనొచ్చు. అయినా అడుగుతాను," అంది కోడలు. అప్పుడు కూర్చుని, మామగారి కంచంలో కూర వడ్డించింది.