కలవని సున్నా

డేకేర్‌లో, రెండేళ్ల పిల్లల గదిలో మార్లిస్‌ది ఇరవై రెండేళ్ల సర్వీసు. డలూత్ ఊళ్లో ఇప్పుడు మీసాలు తిప్పుతున్న కుర్రాళ్లలో సగం మంది ఆమె చేత ముక్కు తుడిపించుకున్నవాళ్లే. ఆ డేకేర్‌లో ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటుంది. తొలి అడుగైనా, తొలి మాటైనా, తొలి బొమ్మైనా ఇక్కడ జరిగితే కన్నవాళ్లకి చెప్పకూడదు. ఇంట్లో మళ్లీ జరుగుతుంది, అదే మొదటిదనుకుని మురిసిపోతారు. పగలంతా బిడ్డను వదిలి పనికి పోయే తల్లికి ఆ మాత్రమైనా మిగలాలి కదా! ఆ అబద్ధం మార్లిస్‌కి మంచినీళ్ల ప్రాయం. తనకి మాత్రం ఎవరి దయా అక్కర్లేకపోయిందని ఆమె ధీమా. బేకరీలో పనిచేసే రోజుల్లో కూతుర్ని ఇలాగే ఒకావిడ దగ్గర వదిలేది. అయినా ఆ పిల్ల తొలి మొహం గీసింది ఓ ఆదివారం, వంటింటి బల్ల దగ్గర, తన కళ్లముందే. దానికి ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుంది.

రెండున్నరేళ్ల ఎవరెట్ చలికాలమంతా గీకాడు. ముందు కాగితం చిరిగేలా అడ్డదిడ్డంగా, తర్వాత చిక్కుపడ్డ నూలుండల్లా. ఓ మంగళవారం ఒక సున్నా చుట్టి ఆగాడు. మొదలూ చివరా కలవలేదు, కొస పక్కకి జారి తోకలా వేలాడింది. మొదటి సున్నా ఎవరికైనా అంతే. వాడు దాన్ని కాసేపు చూసి లోపల రెండు చుక్కలు పెట్టాడు. చుక్కల చుట్టూ రెండు చిన్న చుట్లు. తలకాయ కిందనుంచే రెండు కాళ్లు.

"లీసీ," అన్నాడు, మార్లిస్ కళ్లజోడు మీద వేలుపెట్టి. ఆమె పేరు వాడి నోట అలాగే పలుకుతుంది.

పిల్లలు గీసే తొలి మొహం ఎప్పుడూ అమ్మదే. ఇన్నేళ్లలో మార్లిస్ బొమ్మ గీసినవాడు వీడొక్కడే. అలవాటుకొద్దీ కాగితం వెనక పేరూ తేదీ వేసింది. నియమం ప్రకారం చెత్తబుట్టలో పడెయ్యాలి. చేతులు రాలేదు. మడిచి ఏప్రాన్ జేబులో దాచుకుంది. రోజుకోసారి వాడూ ఆమే మూల చేరి తీసి చూసుకునేవారు.

బొమ్మ గీసిన ఆ మంగళవారం సాయంత్రం వాడి తల్లి డార్సీ ఆస్పత్రి డ్యూటీ బట్టల్లోనే వచ్చి, రోజూ అడిగేదే అడిగింది. "ఇవాళేమైనా గీశాడా?"

"ఏముందమ్మా, ఆ చుట్టలే. చూస్తూ ఉండు, ఇవాళో రేపో నీ బొమ్మే గీసేస్తాడు."

వారం తర్వాత డార్సీ కాగితం ఊపుకుంటూ వచ్చింది. "మార్లిస్! గీశాడు! నిన్న నా ఒళ్లో కూర్చుని! వాడి మొట్టమొదటి మనిషిని నేనే! మా అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేశాను తెలుసా?"

"చెప్పానా! వీడు గడుగ్గాయి. మాకు మాత్రం ఒక్కటీ గీసివ్వడు."

మంచు బూట్లు తొడిగించుకుంటున్న ఎవరెట్‌కి ఆ మాట నచ్చలేదు. "లీసీ బొమ్మ ఉందిగా!" అంటూ ఆమె జేబులో చెయ్యి దూర్చి, కాగితం లాగి, గొప్పగా అమ్మకిచ్చాడు.

డార్సీ బొమ్మకున్న కళ్లజోడు చూసింది. వెనక్కి తిప్పి తేదీ చూసింది.

"పోయిన మంగళవారం. ఆ రోజు అడిగాను కదా మిమ్మల్ని?"

"నీ సంతోషం కోసమేనమ్మా. అందరికీ అలాగే..."

"అందరికీనా? అయితే ఇక్కడే చంటిపిల్లల గదిలో ఉన్నప్పటి వాడి నడక? మా సోఫా దగ్గర వేసిన ఆ నాలుగడుగులు?"

మార్లిస్ వంగి ఎవరెట్‌కి రెండో బూటు తొడగసాగింది.

డార్సీ అరవలేదు. అరిచినా బాగుండేది. తను తెచ్చిన కాగితం కూడా మార్లిస్ చేతిలో పెట్టింది. "ఇదీ మీరే ఉంచుకోండి. నాది రెండోదేగా."

మర్నాటి నుంచి ఎవరెట్ రాలేదు. వేరే చోట చేర్పించారట.

ఆ కబురు తెలిసిన సాయంత్రం మార్లిస్ ఇంటికెళ్లి, కోటైనా విప్పకుండా గోడ మీది ఫ్రేము ముందు నిలబడింది. పాతికేళ్లుగా చూస్తున్న బొమ్మే. గుండ్రటి మొహం, రెండు కళ్లు, నవ్వు. ఎక్కడా తోక లేదు. మొదలూ చివరా అతుకు కనపడనంత చక్కగా కలిశాయి. ఏ పిల్లా మొదటిసారే అలా చుట్టగా ఆమె ఇంతవరకూ చూడలేదు.

కూతుర్ని చూసుకున్న ఆవిడ రోజూ సాయంత్రం నవ్వుతూ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

"ఏముందమ్మా, ఆ చుట్టలే."