రెండు నిమిషాల లెక్క

షహర్ బానోకి తొమ్మిదో నెల. విమానం ఎక్కకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆమె మొగుడు జలీల్‌ని సింగపూర్లో ఉండనిచ్చే వర్క్ పాసేమో ఈ నెలాఖరుకి అయిపోతుంది. బ్యాంకు వాళ్ళు అతను రాసిన కంప్యూటరు స్క్రిప్టుకి సరేనంటే పాసు పొడిగిస్తారు, లేదంటే సామాను సర్దుకోవాల్సిందే. వై2కే గండం గడిచాక మా కాంట్రాక్టువాళ్ళ బతుకులన్నీ గాలిలో దీపాలే.

రాఫెల్స్ ప్లేస్‌లో ఆ బ్యాంకు. మధ్యాహ్నం భోజనానికి మార్కెట్ గంటన్నర మూస్తారు. పొద్దుటి కొనుగోళ్ళూ అమ్మకాలూ ఆలోగా లెక్క తేల్చి పై అంతస్తులో డీలర్లకి ఇవ్వాలి. పాత స్క్రిప్టు మార్కెట్ తెరిచాక కూడా నడుస్తూనే ఉండేది. జలీల్ ఆ పనిని నాలుగు ముక్కలు చేసి, నాలుగూ ఒకేసారి నడిచేలా తిరగరాశాడు. తెలివైనవాడే, కాదనను.

ఆ రోజు అందరి ముందూ పరీక్ష. స్క్రిప్టు పేరుకి ముందు ‘టైమ్’ అని కొట్టి ఎంటర్ నొక్కాడు. అలా కొడితే ఎంతసేపు పట్టిందో కంప్యూటరే చెబుతుంది. రెండు నిమిషాలంది.

“వా, సో ఫాస్ట్ ఆ!” అంది బ్యాంకు మేనేజరు మిస్ లిమ్. ప్రింటు తీసుకుని లిఫ్టువైపు నడిచింది. మా కంపెనీ మేనేజరు భరద్వాజ్ జలీల్ వీపు చరిచాడు. జలీల్ అప్పటికే ఫోనులో “బానో, హో గయా!” అంటున్నాడు.

నాకు మనసొప్పలేదు. అంత పని రెండు నిమిషాల్లోనా, ఏం మంత్రం వేశాడు? మెషీన్లో ఏం నడుస్తున్నాయో చూశాను. నాలుగు ముక్కలూ ఇంకా నడుస్తూనే ఉన్నాయి. 

“జలీలూ, ముక్కల్ని ఎనకాల వదిలేసినావే, అవి ముగిసేదాకా ఆగమని రాయలేదేమిరా?”

“ఆగమని రాయాల్నా అక్కా?”

ఎసరు పెట్టేసి, అన్నం ఉడికిందని చెప్పి వీధిలోకి పోయినట్టుంది. స్క్రిప్టు పని అప్పజెప్పి తప్పుకుంది; కంప్యూటరు కొలిచింది ఆ అప్పజెప్పడాన్నే. మిస్ లిమ్ చేతిలో ఉన్నది సగం లెక్క కూడా కాదు.

లిఫ్టు మూసుకుంది. మెట్లెక్కి పరిగెత్తాను. నేను చేరేసరికే డీలర్లు కాగితాలు బల్లమీద కొడుతూ అరుస్తున్నారు. మిస్ లిమ్ మొహం ఎర్రబడింది.

“రెండు నిమిషాల్లో అయిపోయిందని మీరేగా చెప్పారు,” అని మాత్రం అంది.

కింద భరద్వాజ్‌ని బతిమాలాను. “బిడ్డ పుట్టేదాకన్నా జలీల్‌ని పంపెయ్యకుండా ఆపండి సార్.”

“నా చేతుల్లో ఏముందండీ తారాదేవిగారూ?”

“వీపు చరిచినవి ఎవరి చేతులు మరి!” అన్నాను. మండిపోయింది నాకు.

జలీల్ ఇవేవీ వినడం లేదు. ఆగమనే ఆ ఒక్క మాటా స్క్రిప్టు చివర చేర్చి, మళ్ళీ టైమ్ పెట్టి నడిపించాడు.

“ఇంకెవరికి కావాలిరా ఆ లెక్క?”

“నాకు గావాలె. ఎంత తేడాల పోయిందో బానోకి చెప్పాలె గద.”

పక్కనే కూర్చున్నాను. చచ్చేంత భయం, అంతలోనే ఆశ. నాలుగు ముక్కలూ ముగిశాయి. నలభై నిమిషాలు! మార్కెట్ ఇంకా తెరవనే లేదు. ప్రింటు పట్టుకుని మళ్ళీ పైకి పరిగెత్తాను.

మిస్ లిమ్ వరుస వరుసా సరిచూసింది. పైసా తేడా లేదు. కాగితాలు డీలర్లకి పంచింది.

“స్క్రిప్టు ఉంచుకుంటాం. అతను మాత్రం వద్దు,” అంది. “అతను చెప్పే లెక్క ఇంక నేను నమ్మలేను.”

కాళ్ళావేళ్ళా పడ్డాను. వినలేదు.

కిందికొచ్చేసరికి జలీల్ ఫోను మోగుతోంది. ఎత్తడం లేదు. నా మొహం చూశాడు, అర్థమైంది. తెరమీది నలభై మీద వేలు పెట్టాడు.

“సరిపోతుండె గద అక్కా,” అన్నాడు.