బియ్యం డబ్బాలో రిమోట్

నేను ఒక రిమోట్‌ను. పుట్టిన ఊరేదో తెలియదు గానీ, బతికిందంతా కామారెడ్డి బీడీ కాలనీలోనే. ఒంటినిండా నలభైకి పైగా మీటలున్నా మా ఇంటివాళ్లకు అక్కరకొచ్చినవి మూడే: టీవీ పెట్టేది, చప్పుడు పెంచేది, చానల్ మార్చేది. మిగతా మీటలన్నీ పెళ్లిలో దూరపు చుట్టాల్లా ఊరికే కూర్చునేవి.

ఆటో నడిపే శ్రీశైలం నన్ను టీవీతో పాటు కొని తెచ్చిన రోజునే, అతని తల్లి లింగవ్వ నన్నొక ప్లాస్టిక్ కవరులో దూర్చి, నడుముకు రబ్బరు బ్యాండు బిగించింది. "గిట్ల పెడితె కొత్తది కొత్తగనే ఉంటది" అంది. ఉన్నాను. ఆ కొత్తదనం చూసిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. నా సెల్లులు నీరసిస్తే ఎండలో పెట్టేవారు, అప్పటికీ లేవకపోతే నా వీపు మీద నాలుగు దెబ్బలు వేసేవారు. మనుషుల వైద్యం అలా ఉంటుంది. చిత్రమేమిటంటే చాలాసార్లు నయమయ్యేది!

ఇక సాయంత్రం ఏడైతే ఆ ఇంటి సంబరం చెప్పాలి. "అరుంధతమ్మ కోడళ్లు" పాట మొదలవగానే కాలనీలో ఏ ఇంట చూసినా అదే రాగం. లింగవ్వ ఒక పక్క, కోడలు రజిత ఒక పక్క, ఇద్దరి ఒళ్లో బీడీల చాటలు, మధ్యలో నేను. ఆకులో తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం చేతులే చూసుకునేవి. కళ్లు టీవీని వదిలేవి కావు. సీరియల్‌లో కోడలు కల్యాణికి అన్నం పెట్టకపోతే లింగవ్వ ముక్కు చీదేది. "పాపం, దాని పానం ఎట్ల కొట్టుకుంటుందో" అనేది. రజిత మాత్రం అత్త అరుంధతమ్మ పక్షం. ఇంట్లో అత్త సీరియల్ కోడలి వైపు, ఇంట్లో కోడలు సీరియల్ అత్త వైపు. ఈ తిరకాసు నాకు నవ్వు తెప్పించేది, వాళ్లకు మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

నవ్వు మానుకోవలసిన రోజు కూడా వచ్చింది. రజితకు చిన్నప్పటి నుంచి ఏనుగు మార్కు బిస్కెట్లంటే పిచ్చి. ప్యాకెట్ విప్పగానే ముందు వాసన చూసేది, తర్వాత ఒక్కొక్కటీ చాయ్‌లో ముంచుకుని, మెత్తబడి విరిగిపోయే లోపు నోట్లో వేసుకునేది. ఒకనాడు అన్నం వదిలేసి బిస్కెట్లు తింటుంటే లింగవ్వ ఊరుకోలేక, "మీ అవ్వ నిన్ను బిస్కెట్లు పెట్టే సాదిందా ఏంది?" అని ఆమె తల్లిని కలిపి ఎత్తిపొడిచింది. రజిత చేతిలో బిస్కెట్ చాయ్‌లోనే కరిగిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. రెండు నెలలైంది. చెప్పాల్సినవి గోడకు చెప్పేవారు, గోడ నుంచి వినేవారు. మొగుడితో మాత్రం రజిత తేల్చి చెప్పింది: "సీరియల్ అయిపోయినంక ఐతారం నాడు వేరే పొయ్యి పెడత." టీవీ ఒక్కటే కాబట్టి అప్పటిదాకా ఆగింది. అంటే ఆ ఇంటి పొయ్యి చీలకుండా ఆపుతున్నది నేనే. ఎంత గర్వపడ్డానో, అంత భయపడ్డాను కూడా.

ఆఖరి భాగానికి ముందురోజు కల్యాణి గడప దాటి వెళ్లిపోతుంటే లింగవ్వ ఆవేశం పట్టలేక, ఒళ్లో నేనున్న సంగతి మరిచి తొడ మీద ఒక్క చరుపు చరిచింది. నేను ఎగిరి తునికాకు నానేసిన బకెట్లో పడ్డాను. కవరు చిరిగి ఎన్నాళ్లయిందో ఎవరికి తెలుసు! నీళ్లు లోపలికంటా పోయాయి. ఆ మర్నాడే ఆఖరి భాగం, టీవీకున్న బటన్లేమో ఎప్పుడో లోపలికి కుంగిపోయాయి. రజిత నన్ను తుడిచి, సెల్లులు తీసి, తడిసిన ఫోన్లకు చేసే వైద్యం గుర్తొచ్చి బియ్యం డబ్బాలో అడుక్కంటా పూడ్చింది. ఆ సంగతి అత్తకు చెప్పలేదు. ఎలా చెబుతుంది, మాటల్లేవు కదా.

తెల్లారింది. ఆఖరి భాగం చూస్తూ నమలడానికి మురుకులు చేయాలని లింగవ్వకు ముచ్చటేసింది. డబ్బా ఎత్తి బియ్యం సంచిలోకి గుమ్మరించి, పిండి గిర్నికి పోయి, సంచిని వరసలో పెట్టి ఇంటికొచ్చింది. ఆ సంగతి కోడలికి చెప్పలేదు. ఆమెకూ మాటల్లేవు.

సంచిలో నా పరిస్థితి ఊహించండి. పక్కన గిర్ని గడగడలాడుతోంది, ఒక్కొక్క సంచే అందులోకి పోతోంది. నా ముందు రెండే ఉన్నాయనగా కరెంటు పోయింది. బతికాను!

సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో తర్వాత వాళ్ల నోటే విన్నాను. నా కోసం డబ్బా మూత తీసిన రజితకు లోపల గింజ కనబడలేదట. గోడ వైపు తిరిగి, "బియ్యం ఏమైనయో" అందట. లింగవ్వ పొయ్యితో, "పిండికి పోయినయి" అందట. "అండ్ల రిమోట్ ఉండె" అని గోడకు చెప్పేసరికి, లింగవ్వ గోడనూ పొయ్యినీ వదిలేసి, "నాతోని చెప్పవా పిల్లా" అంటూ లేచిందట. చెప్పులు కూడా లేకుండా ఇద్దరూ పరుగు.

వాళ్లు వచ్చేసరికి కరెంటు వచ్చింది, గిర్ని యాదగిరి నా సంచి భుజానికెత్తాడు. "ఆగన్నా, ఆగు" అంటూ రజిత సంచిని వాటేసుకుంది. చెయ్యి పెట్టి దేవులాడి నన్ను పైకి తీసింది.

ఇక అక్కడే మొదలైంది. రెండు నెలల మాటలు ఒక్కసారిగా కట్ట తెంచుకున్నాయి.

"ఒక్క మాట చెప్తె నీ సొమ్మేం పోతుండె?" అంది లింగవ్వ.

"నువ్వు గంత మాట అన్నంక ఇంకేం మాట్లాడాలె అత్తమ్మా? అవును, మా అవ్వ బిస్కెట్లు పెట్టే సాదింది. బీడీల పని దొరకని నాడు ఒక్క ప్యాకెట్ నలుగురికి పంచేది. నాకు అన్నం కంటె అదే తీపి."

గిర్ని నడుస్తూనే ఉంది. లింగవ్వ చీర మీద పడ్డ పిండి దులుపుకుంది, మళ్లీ దులుపుకుంది. ఎప్పుడూ ఎత్తిన గొంతు దించని మనిషి, చాలా చిన్నగా అంది.

"నాకెరుక లేదు బిడ్డా. ఎగతాళికన్న. అంత కష్టపడ్డదా మీ అవ్వ?"

నా మీద రెండు చుక్కలు పడ్డాయి. మళ్లీ తడిశాను, ఈసారి బాధపడలేదు.

పిండి పట్టించుకుని ఇంటికి చేరి నన్ను చాప మీద పెట్టారు, సెల్లులు వేశారు. ఎర్ర దీపం వెలిగింది. నేను సిద్ధం! ఏడయింది. కాలనీ అంతా ఆ పాట మోగింది. నొక్కుతారని ఊపిరి బిగబట్టి చూశాను. లింగవ్వ, "మీ అవ్వ ఎన్ని బీడీలు చుట్టేది రోజుకు?" అని అడిగింది. రజిత చెబుతోంది. మురుకుల పిండి కలుపుతూ ఒకరు అడుగుతున్నారు, నూనె కాగబెడుతూ ఒకరు చెబుతున్నారు. పక్కింట్లో ఎవరో ఏడ్చారు, ఎవరో చప్పట్లు కొట్టారు, పాట అయిపోయింది.

రజిత చెప్పిన ఆదివారం వచ్చింది, పోయింది. పొయ్యి ఒక్కటే ఉంది.

ఇప్పుడు ఆ ఇంటికి పెద్ద టీవీ వచ్చింది, దాని రిమోట్ వేరు. నేను కిటికీలో పాత సెల్లుల పక్కన పడి ఉన్నాను. కల్యాణి తిరిగొచ్చిందో లేదో, అరుంధతమ్మ ఏమైందో నాకు తెలియదు. ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.