తుపాకీ ఉండుంటే

నా భార్యను ప్రభుత్వం చంపింది. తొక్కింది ఏనుగే. కానీ నా చేతిలో ఉండాల్సిన తుపాకీని ఎన్నికల పేరు చెప్పి తీసుకుపోయి స్టేషన్‌లో పెట్టుకున్నది ప్రభుత్వం. అందుకని చంపింది ప్రభుత్వమే. ఈ విషయంలో నాకు అనుమానం లేదు. ఎవరితోనూ వాదన అక్కర్లేదు.

మాది పాకాల దాటినాక కొండ కింద ఊరు. ఉన్నది తోతాపురి మామిడి తోట. కొండకూ తోటకూ మధ్య వాగు లాంటి ఒక వంక, అంతే. తుపాకీ మా నాయన కాలంది. గొట్టంలోకి మందు పోసి, గుడ్డ కూరి, గుండు వేసి, కడ్డీతో దట్టించి కాల్చాలి. అడవి పందుల నుంచి పంట కాపాడుకోమని సర్కారే లైసెన్సు ఇచ్చింది. నాయన పోయాక నా పేరుకు మారింది. పందులు వచ్చినప్పుడు ఆకాశంలోకి కాల్చేవాణ్ణి. అవి పారిపోయేవి. మనిషి మీదికి ఎత్తింది లేదు.

ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించాలి. ఓట్ల లెక్కింపు అయ్యాక తిరిగి ఇస్తారు. ఇది ఎప్పుడూ ఉన్నదే, ఎప్పుడూ ఇచ్చాను. ఈసారి మాత్రం మా కొండకు ఒంటి ఏనుగు వచ్చి ఉంది. ఎడమ చెవి చిరిగిన మగ ఏనుగని చూసినవాళ్ళు చెప్పారు. మామిడి కాయ ముదిరే కాలం. అది రోజూ ఎవరో ఒకరి తోటలో దిగుతోంది. ఒకరోజు పొద్దున మా తోటలో దాని అడుగు చూశాను. అందులో నా రెండు పాదాలూ పెట్టి నిలబడ్డాను. ఇంకా చోటు మిగిలింది. చేయెత్తు చెట్టును వేళ్ళతో సహా పెరికి, పక్కన పడుకోబెట్టినట్టు పెట్టి పోయింది.

తుపాకీ తీసుకుని స్టేషన్‌కు పోయినప్పుడు హెడ్డు కానిస్టేబుల్ జయరామ్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నాకు తెలిసినవాడే.

"ఈ ఒక్కసారికి వదిలెయ్ అబ్బా. ఏనుగు తిరగతాండాది" అన్నాను.

"నేనేం చేసేది అన్నా. పైనుంచి ఆర్డరు. అందరివీ పెట్టాల్సిందే."

"నా తుపాకీ చూసి ఎవుడన్నా ఓటు మార్చుకుంటాడా? కాకి కూడా మార్చుకోదు."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. జయరామ్ నవ్వలేదు. "అర్జీ పెట్టుకో అన్నా. చిత్తూర్లో కమిటీ ఉండాది. వాళ్ళు ఒప్పుకుంటే నీ తుపాకీ నీకిస్తా. నాకేమన్నా ముద్దా అది?"

అర్జీ పెట్టాను. జవాబు రాలేదు. మళ్ళీ అడగడానికి చిత్తూరు బయల్దేరాను. మా ఆనందమ్మ తోటకు పోవడానికి పెద్ద పళ్ళెం లాంటి ఇత్తడి తట్ట చేతిలో పట్టుకుని నిలబడింది. పందులొచ్చినా కోతులొచ్చినా ఆమె ఆ తట్ట మీద గరిటెతో వాయించేది. ఆ మోత ఊళ్ళోకి వినబడేది.

"ఏనుగొస్తే గుడిసె వదిలి వచ్చెయ్" అన్నాను.

"వస్తే వాయిస్తా. నీ రెండో పెండ్లాం పుట్టింటికి పోయింది గదా. ఈ మొదటిదే కాపలా కాయాల."

తుపాకీని ఆమె రెండో పెండ్లాం అనేది. నేను నవ్వకుండా బస్సెక్కాను. చిత్తూరు ఆఫీసులో సారు ఎన్నికల మీటింగులో ఉన్నాడన్నారు. బయట బల్ల మీద కూర్చోబెట్టారు. నేను అక్కడ కూర్చుని ఉండగానే పక్క తోట మునిశేఖర్ ఫోన్ చేశాడు. ముందు ఏడ్చాడు, తర్వాత చెప్పాడు.

గుడిసె ముందు తట్ట పడి ఉంది. దాని అంచు వంగింది. ఆమె గురించి రాయను.

ఎన్నికలు అయిపోయాయి. ఎవరో గెలిచారు. స్టేషన్‌కు పోతే జయరామ్ తుపాకీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏదో చెప్పబోయాడు. నేను సంతకం చేసి వచ్చేశాను. వంగిన తట్టను గుడిసె పక్క కొమ్మకు వేలాడదీశాను.

కొన్నాళ్ళకు ఊళ్ళో కొత్త మాట పుట్టింది. ఏనుగులు తిరిగే ఊళ్ళలో పంట తుపాకుల లైసెన్సులు ఇక కొనసాగించకూడదని పైన అనుకుంటున్నారట. రైతులు ఏమంటారో వినడానికి చిత్తూరులో సభ పెడుతున్నారట. ఆ కబురు మోసుకొచ్చింది రైతు సంఘం ధనంజయ. టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకున్నాడు. మునిశేఖర్ కూడా ఉన్నాడు.

"గోవిందస్వామన్నా, నువ్వు ఒక్క మాట చెప్తే సాలు. తుపాకీ ఉండుంటే నా పెండ్లాం బతికేది. అంతే. మేము పొద్దుగూకేదాకా మాట్లాడినా ఆ ఒక్క మాటకు సాటి రాదు" అన్నాడు ధనంజయ.

"పెరుక్కోనీలే. తుపాకులుంటే ఏమైతాది? ఒకడు ఏనుగును కాల్సి జైలుకు పోతాడు. ఇంకొకడు తాగి తమ్ముణ్ణి కాల్సి జైలుకు పోతాడు" అన్నాడు మునిశేఖర్.

"అట్లయితే ఈ పొద్దు తుపాకీ, రేపు కొడవలి. ఎల్లుండి పార పట్టుకోను కూడా లైసెన్సు తెమ్మంటారు. నీ సేను నువ్వు కాపాడుకోను వాళ్ళ పర్మిషన్ ఏందప్పా? వాళ్ళేమన్నా వచ్చి కాస్తారా?"

"నీకు తుపాకీ యాడుండాది ధనంజయా? నీకుండేది మైకు."

కొట్టు దగ్గరున్న వాళ్ళందరూ నవ్వారు. ధనంజయ కూడా నవ్వి, మళ్ళీ నా వైపు తిరిగాడు. "ఆయన మాట వదిలెయ్ అన్నా. నువ్వు చెప్తావు గదా?"

"చెప్తా" అన్నాను.

చెప్పాలనే అనుకున్నాను. ఆ మాట నాకు ధనంజయ నేర్పింది కాదు. ఆనందమ్మను మట్టి చేసిన రోజు నుంచి నాలోపల ఉన్నదే. కానీ సభకు ముందు నాకు ఇంకో పని ఉంది. ఆ ఏనుగు ఇంకా వస్తోంది. దాన్ని కాల్చాలి. కాలిస్తే జైలు. జైలైతే జైలు. సర్కారు ఆపిన పని నేను చేసి చూపించి, అప్పుడు చిత్తూరు పోయి ఆ మాట చెప్తాను. చేతిలో తుపాకీ ఉంటే ఏమయ్యేదో వాళ్ళకే తెలుస్తుంది. ఇది నా లెక్క.

సభ రోజు తెల్లవారుజామున తోటకు పోయాను. గొట్టంలో మందు ఎక్కువే పోశాను. పందులకు వేసే చిన్న గుళ్ళు కాకుండా సీసం కరిగించి చేసిన గుండు వేశాను. గుడిసె ముందు బండ మీద కూర్చున్నాను. గాలి లేదు. కొండ మీద ఇంకా వెలుగు పడలేదు.

మా తోటలో ఎండుటాకుల మీద తొండ పరుగెత్తినా వినబడుతుంది. నేను చెవులు రిక్కించుకునే ఉన్నాను. అయినా ఏమీ వినబడలేదు. వంక పక్కన చెట్ల కింద ఇంకా చీకటి పోలేదనుకున్న చోట, ఆ చీకటే కదిలి ముందుకొచ్చింది. అంత శరీరం వంకలోకి దిగింది, గట్టెక్కింది, చెట్ల వరసల మధ్యకు వచ్చి నిలబడింది. ఒక్క పుల్ల విరగలేదు. ఇన్నాళ్ళూ అది తొక్కిన చోట్లు చూశాను, పెరికిన చెట్లు చూశాను, పేడ చూశాను. దాన్ని చూడలేదు. అంత పెద్దది అంత మెత్తగా నడుస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.

ఒక చెట్టుకు భుజం ఆనించింది. తొయ్యలేదు, ఆనుకుంది. కాయలు రాలాయి. తొండం చివరతో ఒక్కొక్క కాయను ఎత్తి, మట్టిని ముందు కాలికి తుడిచి, నోట్లో పెట్టుకుంది. ఆనందమ్మ కాయను కొంగుతో తుడిచి తినేది, అచ్చం అట్లాగే. అది చూసేసరికి నాకు కోపం తన్నుకొచ్చింది. లేచి నిలబడ్డాను. నుదుటికి గురి పెట్టి కాల్చాను.

కొండ ఆ మోతను తిరిగి మా మీదికి విసిరింది. తోటలోని పక్షులన్నీ లేచిపోయాయి. పొగ కళ్ళలో పడింది. పొగ తేలిపోయాక చూశాను. ఏనుగు నిలబడిన చోటే నిలబడి ఉంది. నుదుటి మీద మట్టి రాలిన చోట సన్నని ఎర్ర గీత కనబడింది. కంపచెట్టు గీసుకున్నట్టు ఉంది, అంతకన్నా ఏమీ లేదు. నోట్లో ఉన్న కాయను నమిలి మింగింది. తర్వాత నా వైపు తిరిగింది.

చెవులు రెండూ విప్పింది. అప్పటికి తూర్పు తెల్లబడింది. చిరిగిన చెవి సందులోంచి ఆ వెలుగు నా మీద పడింది. నాకు ఇంకేమీ కనబడలేదు. కొండ కనబడలేదు, తోట కనబడలేదు. చూసినంత మేరా అదే ఉంది.

మళ్ళీ కాల్చాలంటే మందు పోయాలి, గుడ్డ కూరాలి, గుండు వేయాలి, దట్టించాలి. ఇవన్నీ నా జేబులోనే ఉన్నాయి. చేతులు కదలలేదు. కాళ్ళూ కదలలేదు. అది వచ్చింది. తొందర లేదు దానికి. తుపాకీ గొట్టానికి ఎదురుగా ఆగింది. మామిడి సొన వాసన, వంక బురద వాసన, పచ్చిగడ్డి వాసన. దాని ఊపిరి వేడిగా నా చొక్కా లోపలికి దూరింది. తొండం చివర వేలులాంటి మెత్తని కొస ఉంది. దానితో గొట్టాన్ని తడిమి, పొగ వాసన చూసి, బుస్సుమని వదిలింది. తర్వాత అదే కొసతో నా చేతిని తడిమి చూసింది. ఛాతీని చూసింది. ముఖాన్ని చూసింది. ముఖం మీద తడి అంటింది.

దాని కన్ను దగ్గరగా చూశాను. అంత తలకు అది చిన్న కన్ను. చుట్టూ ముడతలు, పొడుగాటి రెప్పవెంట్రుకలు. అందులో కోపం వెతికాను. కనబడలేదు. జాలి కూడా కనబడలేదు. కొండకు కన్ను ఉంటే నన్ను అట్లాగే చూస్తుంది.

పెళ్ళయిన కొత్తలో నేనూ ఆనందమ్మా అలిపిరి నుంచి నడిచి తిరుమల ఎక్కాం. క్యూలో నిలబడి, నిలబడి, చివరికి స్వామి ముందుకు వచ్చేసరికి నేను మొక్కుకోవాల్సినవన్నీ మర్చిపోయాను. బయటికి తోసేశారు. ఏం కోరుకున్నావని ఆమె అడిగితే ఏమీ గుర్తు రాలేదన్నాను. ఇంటికొచ్చినాక, అంత దూరం ఎక్కి ఏమీ అడగని మొగుడు నాకే దొరికినాడని అందరికీ చెప్పి నవ్వింది. ఆ తర్వాత నాకు నోట మాట పోయింది మళ్ళీ ఆ పొద్దునే. ఏనుగును అడగాల్సింది ఒకటి ఉంది. ఆమెను ఎందుకు తొక్కావు, నన్ను ఎందుకు వదులుతున్నావు? నోరు తెరవలేకపోయాను.

అది పక్కకు తిరిగింది. గుడిసె దగ్గర తట్ట వేలాడుతోంది. తొండంతో తట్టను తాకింది. తట్ట మోగింది. ఏనుగు ఆగింది. ఆ శబ్దం పూర్తిగా పోయేదాకా చెవులు ఆడించకుండా నిలబడింది. ఇంకోసారి తాకింది. మళ్ళీ విన్నది. తర్వాత వచ్చిన దారినే వంకలోకి దిగిపోయింది. ఒక రాయి కూడా దొర్లలేదు. ఎండ వచ్చేదాకా నేను అక్కడే ఉన్నాను. తుపాకీ నా చేతిలోనే ఉంది. దాని సంగతి నాకు గుర్తు లేదు.

సభకు పోయాను. మాట ఇచ్చాను కాబట్టి పోయాను. చిత్తూరు ఆఫీసు హాలు నిండా జనం. ముందు వరసలో ధనంజయ, మునిశేఖర్. పోలీసుల పక్కన జయరామ్ కూడా ఉన్నాడు. మధ్యలో కూర్చున్న అధికారి వయసులో చిన్నది. మంచిగానే మాట్లాడింది. ధనంజయ నన్ను లేపి నిలబెట్టి, ఈయనే గోవిందస్వామి మేడమ్ అన్నాడు.

"చెప్పండి పెద్దాయనా" అంది ఆమె.

"నేను వద్దన్నా నా తుపాకీ తీసుకున్నారు. అది తప్పు. నా సేను, నా ఇల్లు కాపాడుకునేది నా పని. మీరు కాపాడరు, నన్ను కాపాడుకోనివ్వరు. ఇదేం న్యాయం?" అన్నాను.

వెనక నుంచి చప్పట్లు కొట్టారు. ఆమె వాళ్ళను ఆపింది.

"మీ బాధ నాకు అర్థమైంది. ఒక్కటి అడుగుతాను, కోప్పడకండి. ఆ రోజు తుపాకీ మీ చేతిలో ఉండుంటే, మీ భార్యగారు బతికేవారా?"

ధనంజయ నా వైపు చూస్తున్నాడు. ఆ మాటే ఆయనకు కావాల్సింది. మునిశేఖర్ తల దించుకున్నాడు. అవునంటే నా తుపాకీ నాకు మిగులుతుంది, నాలాంటి వాళ్ళందరికీ మిగులుతుంది. కాదంటే సర్కారు చేసింది సరే అయిపోతుంది. పొద్దున్న దాకా ఆ మాట నా నోట్లోనే సిద్ధంగా ఉండేది. నా చొక్కాకు ఇంకా మామిడి సొన వాసన ఉంది.

నేను కూర్చున్నాను.

"అన్నా, చెప్పు" అన్నాడు ధనంజయ మెల్లగా.

"చెప్పినాను గదా. తీసుకునింది తప్పు. అంతకు మించి అడగొద్దు."

తిరుగు బస్సులో ధనంజయ నా పక్కన కూర్చోలేదు. ముందు సీటు నుంచి అందరికీ వినబడేట్టు అన్నాడు, "పెండ్లాం కోసం ఒక్క మాట రాలేదప్పా ఈ మనిషికి." మునిశేఖర్ వచ్చి నా పక్కన కూర్చుని, పాకాల దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు.

తట్ట ఇంకా కొమ్మకే ఉంది. గాలి లేనప్పుడు కూడా ఒక్కోసారి అది మోగుతుంది. నేను లేచి చూడను.

ఆనందమ్మను చంపింది ప్రభుత్వమే. ఆ మాట మార్చను, ప్రభుత్వాన్ని క్షమించను. తుపాకీ ఉండుంటే ఏమయ్యేదో అది నేను చూశాను, ఆ ఏనుగు చూసింది. రాయాలనిపించి ఒకసారి రాశాను. కేసు పెడితే పెట్టుకోండి. ధనంజయ అడిగినా, ఆ మేడమ్ అడిగినా, కోర్టులో నిలబెట్టి అడిగినా, ఆ పొద్దు గురించి నా నోటి నుంచి ఇక ఒక్క మాట రాదు.