పదో తరగతి గుమ్మం ముందు బండ

గ్రేసమ్మ రోజూ పొద్దున్నే బడి వరండా కడుగుతుంది. మిగతా వరండా అంతా ఒక ఎత్తు, పదో తరగతి గుమ్మం ముందున్న నాపబండ ఒక్కటీ ఒక ఎత్తు. దాని మీద పాదాల గుంటలు. ఎంత తుడిచినా వాటిలో నీళ్లు నిలుస్తాయి, పిచ్చుకలొచ్చి తాగిపోతాయి. చెయ్యని తప్పుకి ఎవరినైనా అక్కడ నిలబెడితే బండ తడిమట్టిలా దిగి ఆ పాదాలను ఉంచేసుకుంటుంది. తప్పు చేసినవాళ్లు పొద్దస్తమానం నిలబడ్డా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసి ఏం చేశారయ్యా అంటే, తుడుచుకుంటూ వచ్చారు.

ఆ బడిలో ఇంకో రివాజు ఉంది. ఏ వస్తువు పోయినా సోదా తలుపు పక్క బెంచీ నుంచే మొదలవుతుంది. అక్కడ కూర్చునేది ఎరుకల కాలనీ పిల్లలు. వస్తువు దొరికేదాకా వాళ్లలో ఒకరు ఆ బండ మీద, గేటువైపు ముఖం పెట్టి నిలబడాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. సోషల్ చెప్పే కనకలక్ష్మి టీచరూ అడగలేదు. నిన్న ఆదిత్య వాచీ పోయిందనగానే ఆమె చెయ్యి చందన సంచీ మీదికి పోయింది. అందులో వాచీ లేదు. అయినా పిల్లను బయట నిలబెట్టింది. సాయంత్రం వాచీ ఆదిత్య క్రికెట్ కిట్టులోనే దొరికింది. "దొరికిందిగా, ఇక ఇళ్లకు పొండి," అంది టీచర్. చందనతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఇవాళ చందన అవ్వ పోలేరమ్మ టీసీ తీసుకుని పిల్లను బడి మాన్పిద్దామని వచ్చింది. హెడ్మాస్టారు ఇంకా రాలేదు. మనవరాలిని పక్కన పెట్టుకుని వరండా గోడకు ఆనుకుని కూర్చుంది.

లోపల పాఠం మొదలైంది. ఖర్మ కాకపోతే ఇవాళే ఆ పాఠం రావాలా! తెల్లదొరలు ఎరుకలవాళ్లతో సహా కొన్ని తెగలవాళ్లు పుట్టుకతోనే దొంగలని చట్టం రాసిన సంగతి.

"స్వతంత్రం వచ్చాక ఆ చట్టం ఎత్తేశారు. ఇప్పుడు అందరూ సమానమే," అంది టీచర్.

"ఎత్తేశాక వాళ్లను ఎవరూ అట్టా చూడలేదా టీచర్?" సాయిసుధ అడిగింది.

"లేదమ్మా."

ఐజాజ్ లేచి నిలబడ్డాడు. వెటకారానికి కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. "మరి ఆ బండ మీద మాయి ఒక్క పాదమూ లేదేంది టీచర్? అన్నీ కాలనీవోళ్లయ్యేగా."

ఆదిత్య తల దించుకున్నాడు. కనకలక్ష్మికి చెవులు వేడెక్కాయి. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పుస్తకం మూసి బయటికొచ్చింది. పిల్లలంతా గుమ్మంలో గుమిగూడారు.

"చందనా, నిన్న తప్పు నాదమ్మా. వాచీ పోయిందనగానే నీ సంచీయే ఎందుకు వెతికానో... సిగ్గుగా ఉంది."

పోలేరమ్మ అందుకుంది. "ఆ మూల చిన్న పాదాలు నాయి. ఎవురిదో పెన్ను పోయిందని నిలబెట్టారు. మర్నాటి నుంచి నేను బడికి రాలా. పక్కనయ్యి దీని అమ్మవి. అదీ రాలా. నువ్వు సిగ్గుపడితే ఈ గుంటలు పూడతయ్యా పంతులమ్మా?"



"నీయి ఏవే, చూపీ," అంటూ అవ్వ బండ మీదికి వంగింది. చందన చూపించింది. ముసలామె చాలాసేపు చూసింది. బండ మీది పాదాలన్నీ గేటువైపు తిరిగి ఉన్నాయి. చందనవి మాత్రం గదివైపు ఉన్నాయి.

"ఏమే, ఇటు తిరిగావేంది?"

"నిన్న సోషల్ తర్వాత లెక్కల పీరియడ్ అవ్వా. అటు తిరిగితే బోర్డు కనపడదుగా."

పోలేరమ్మ ఆ గుంటల్లో నీళ్లు కొంగుతో అద్దింది. వేళ్లతో తడిమింది. మూలనున్న తన చిన్న పాదాలకేసి ఒకసారి చూసుకుంది.

"టీసీ లేదు గీసీ లేదు. పో, లోపలికి పో. ముందు బెంచీలో కూచో."

టీచర్ పక్క నుంచే చందన లోపలికి పోయింది. సాయిసుధ జరిగి చోటిచ్చింది.

కనకలక్ష్మికి మాత్రం లోపలికి అడుగు పడలేదు. చెప్పులు విడిచి, బండ మీద ఖాళీగా ఉన్న చోట నిలబడి, అక్కడి నుంచే పాఠం మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి చట్టం ఎత్తేసిన తర్వాతి సంగతి చెప్పింది, నిన్నటిదాకా చెప్పింది.

గంట కొట్టాక పక్కకు జరిగి తన కాళ్లున్న చోటు చూసుకుంది. బండ నున్నగా, ఎలా ఉన్నది అలాగే ఉంది.