తదితరుల్లో ఒకరు

విల్యా డాక్టరేట్ పరీక్ష మధ్యాహ్నమే గట్టెక్కింది. సాయంత్రం ఫిన్లాండులోని తుర్కు ఊళ్ళో, నది ఒడ్డున ఉన్న హోటల్లో కరోంక్కా విందు. పరీక్ష నెగ్గిన పిల్ల తన పెద్దలకు పెట్టే విందు కాబట్టి అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. నల్ల గౌను వేసుకుని, ముందు పొగబెట్టిన చేప పెట్టుకుని కూర్చున్న గైడు సిర్కా ఒక్కతే ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూ లోలోపల ఉడికిపోతోంది.

ఆ మనిషి ఔలిక్కి లెహ్తోవారా, ఈ రోజు విల్యాకు ప్రశ్నలు వేసిన పరీక్షకురాలు. మెదడు శాస్త్రం చదివినవాళ్ళలో ఆమె పేరు ఎరగనివాళ్ళు లేరు. పురిటిబిడ్డ నిద్రలో కూడా శబ్దాలు నేర్చుకుంటుందనీ, ఆ నేర్చుకోవడం మెదడులో చిన్న తరంగంగా కనిపిస్తుందనీ లోకానికి చూపించింది. ఆ తరంగం పేరే లెహ్తోవారా తరంగం. నెలలు నిండని పిల్లలకు వినికిడి పరీక్ష చేసే నర్సులు కూడా ఆ పేరే పలుకుతారు.

మరి నిద్రపోతున్న పిల్లలకు శబ్దాలు వినిపిద్దామన్న ఆలోచన ఎవరిది? సిర్కాది. ఇద్దరూ ఒకే ల్యాబులో పనిచేసే రోజుల్లో, మెలకువగా ఉన్న పిల్లలు ఏడ్చి, కాళ్ళు తన్నుకుని రికార్డింగులన్నీ పాడుచేస్తుంటే, "పడుకున్నాక పెడదామే, ఏం పోయింది?" అన్నది ఆమే. తరవాత సిర్కా బిడ్డను కని ఇంట్లో ఉండిపోయింది. వ్యాసం ఔలిక్కి రాసింది. రాసినవాళ్ళ పేరే ముందు. అందులో అన్యాయమేమీ లేదు, సిర్కా కడుపుమంటంతా అందుకే. తిట్టిపోయడానికి కూడా సందు లేదు పాపం. ఆ వ్యాసాన్ని ఉదహరించిన ప్రతివాళ్ళూ "లెహ్తోవారా, తదితరులు" అని రాసి ఊరుకున్నారు. ఆ తదితరుల్లో సిర్కా ముప్ఫయ్యేళ్ళుగా కాపురం ఉంటోంది. విల్యా ఆమె దగ్గర చేరిన మొదటి రోజే కళ్ళు విప్పార్చుకుని, "మీరు లెహ్తోవారాని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా?" అని అడిగింది.

అయినా ఔలిక్కిని పట్టుబట్టి పిలిపించింది సిర్కాయే. ఫిన్లాండులో ఎక్కడైనా కరోంక్కాకు ఒకటే పద్ధతి. పరీక్ష నెగ్గిన పిల్ల ఎవరెవరికి కృతజ్ఞతలు చెబుతుందో వాళ్ళే, అదే వరసలో, లేచి జవాబు చెప్పాలి. ముందు పరీక్షకురాలు, ఆ తరవాత గైడు. ఒకసారి మాట్లాడినవాళ్ళు మళ్ళీ లేవడానికి లేదు. సిర్కా ఎత్తు అదే. ఔలిక్కి మాట్లాడేసి కూర్చున్నాక తను లేచి, నవ్వుతూనే, అందరి ముందూ నిద్రపోయే పిల్లల సంగతి బయటపెడుతుంది. ఔలిక్కి నోరు మూసుకుని వినాలి. ఆ నాలుగు ముక్కలూ అద్దం ముందు వల్లించుకునే వచ్చింది.

"ఏమే సిర్కా, చేప తినకుండా నన్ను తినేసేలా చూస్తున్నావేంటి?" అంది ఔలిక్కి.

"ముళ్ళున్నాయేమోనని చూసుకుంటున్నా."

"నీకెప్పుడూ ముళ్ళే దొరుకుతాయి కదే!"

బల్లంతా ఘొల్లుమంది. ఆ నవ్వు కూడా ఔలిక్కి ఖాతాలోకే పోయింది.

విల్యా లేచింది. ఔలిక్కికి తడికళ్ళతో బోలెడు కృతజ్ఞతలు చెప్పింది. సిర్కా వంతు వచ్చేసరికి, "నా గైడు సిర్కా ఎంతో ఓపిగ్గా నా కామాలూ ఫుల్‌స్టాపులూ సరిదిద్దారు" అంది. సిర్కాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీలే, ఇంకాసేపట్లో నా వంతు వస్తుందిగా అని సర్దుకుంది.

ఔలిక్కి గ్లాసు పట్టుకుని లేచింది.

"ఈ పిల్ల నన్ను మరీ ఎత్తేసింది. నిజం చెప్పనా? నిద్రపోతున్న పిల్లలకి వినిపించాలన్న ఆలోచన నాది కాదు. నాకప్పుడు అంత బుర్రెక్కడ ఏడిసింది? అది ఇదిగో, ఈ సిర్కాది. నేను రాశానంతే. పేరు నాకొచ్చింది. ఎప్పుడో చెప్పాల్సిన మాట ఇది. సిర్కా, ఏమీ అనుకోకే."

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు, ఔలిక్కి వైపు తిరిగి. విల్యా సిర్కా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"చూశారా! అంత పేరున్న మనిషికి ఎంత పెద్ద మనసో! మీరు అదృష్టవంతులండీ!"

ఈ మాట కోసమే కదా సిర్కా ఇన్నేళ్ళూ ఏడ్చింది. తీరా అది వచ్చాక ఆమెకు సంతోషం రాలేదు, ఒళ్ళు మండింది. తనకంటూ మిగిలింది ఆ ఒక్క బాధే. దాన్ని కూడా ఔలిక్కి తీసుకుని, అందరి ముందూ దానమిచ్చి, ఆ మంచిపేరు కూడా తనే కొట్టేసింది.

"సిర్కా, మీ వంతు" అన్నారెవరో.

లేచింది. అద్దం ముందు వల్లించుకున్న మాటలన్నీ ఎదుటి మనిషి చెప్పేసింది, అదీ తనకన్నా బాగా. ఇప్పుడు ఏ పుల్లవిరుపు మాట అన్నా కుళ్ళుబోతంటారు. నిజానికి ఆమె కుళ్ళుబోతే, కానీ ఆ సంగతి ఈ బల్ల దగ్గర తెలియాల్సిన పనిలేదు.

"థాంక్స్, ఔలిక్కి" అంది.

మళ్ళీ చప్పట్లు మోగాయి. ఈసారీ అందరి కళ్ళూ ఔలిక్కి మీదే. సిర్కా కూడా గ్లాసు కింద పెట్టి చప్పట్లు కొట్టింది. కొట్టకపోతే ఏం బాగుంటుంది?